అట్టడుగున ఏడు నంబర్లు

ఇంద్రసేన నోట్లో నాలుక లేని మనిషి. ఇది నేను మెచ్చుకోలుగా చెప్పడం లేదు. పదకొండేళ్లుగా ఆయన టేబులుకు ఎదురుగా నా టేబులు ఉంది. ఈ పదకొండేళ్లలో ఆయన తనంతట తాను మొదలుపెట్టిన మాటలన్నీ రాస్తే ఒక పోస్టుకార్డు కూడా నిండదు. ఫ్యాను ఆగితే లేచి వెళ్లి స్విచ్చు చూసి వస్తాడు తప్ప "కరెంటు పోయిందా అక్కా?" అని అడగడు. ఎవరైనా తన కుర్చీలో కూర్చుంటే వాళ్లు లేచేదాకా కిటికీ దగ్గర నిలబడతాడు. ఇలాంటి మనిషితో పనిచేయడం సుఖమని అందరూ అంటారు. నాకైతే చాలాసార్లు ఒళ్లు మండేది.

నా పేరు విజయశ్రీ. మా ఆఫీసు నారాయణగూడలో ఒక జిరాక్సు షాపు మీద, రెండో అంతస్తులో ఉంటుంది. సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకోవడానికి ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు ఏడాదిపాటు ఉచితంగా హాస్టలు, కోచింగు ఇచ్చే ట్రస్టు మాది. మంచాలు నలభై కాబట్టి సీట్లు కూడా నలభై. ఏటా వేసవి చివర ఒక పరీక్ష పెడతాం. ఆరు వందల మందికి పైగా రాస్తారు. వంద మార్కులకు బిట్లు, యాభై మార్కులకు వ్యాసం. రెండూ కలిపి వచ్చిన మొత్తాన్ని బట్టి పై నలభై మందిని తీసుకుంటాం. హాల్‌టికెట్లు ఇవ్వడం, లిస్టు బోర్డుకు అంటించడం, సీటు రానివాళ్లకు జవాబు చెప్పడం నా పని. కంప్యూటరు ఇంద్రసేన పని.

ఆయన పుట్టింది బాగ్ లింగంపల్లిలో. తండ్రి కుమారస్వామి చిక్కడపల్లిలో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు కూర్చేవాడు. ఆ ప్రెస్సు మూతపడిన ఏడాదే కొడుకు హిమాయత్‌నగర్‌లో ఒక మేడమీద జావా నేర్చుకున్నాడు. మాదాపూర్ వైపు ఒక కంపెనీలో నాలుగేళ్లు పనిచేశాడు. అక్కడ ఒకసారి ఈయన నెలరోజులు కూర్చుని రాసిన ప్రోగ్రామును పక్క సీటువాడు మీటింగులో తనదని చెప్పుకున్నాడట. ఈయన విని ఊరుకున్నాడట. "ఎందుకూకున్నవు?" అని నేనడిగితే, "ఏమంట అక్కా, అందరు చాయ్ తాగుతున్నరు" అన్నాడు. కొన్నాళ్లకు ఆ ఉద్యోగం వదిలేసి, ఇంటి నుంచి నడిచి రాగల దూరంలో ఉందని మా ట్రస్టులో చేరాడు.

ఆయనకున్న ఒకే ఒక్క సరదా మాన్యువళ్లు చదవడం. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా దాని వివరాలన్నీ కింది షాపులో ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగు చేయించి, పెన్సిలుతో గీతలు గీస్తూ చదువుతాడు. ఆదివారాలు చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లి, గ్రూపు పరీక్షలకు చదివే పిల్లల మధ్య కూర్చుని చదువుతాడు. ఒక పిల్లవాడు ఈ నెరిసిన జుట్టును చూసి జాలిపడి, "అంకుల్, మీరు ఏ గ్రూప్‌కు ప్రిపేర్ అవుతున్రు? ఏజ్ రిలాక్సేషన్ ఉందా?" అని అడిగాడట. ఇంద్రసేన కాదని చెప్పలేదు, అవునని కూడా చెప్పలేదు. ఆ పిల్లవాడు పాపం తన నోట్సు జిరాక్సు తీయించి ఇచ్చాడు. అది ఇప్పటికీ ఆయన సొరుగులో ఉంది.

ఇక ఈ కథకు కావలసినంత కంప్యూటరు చెప్పాలి. నాకు తెలిసింది కొంచెమే కాబట్టి భయపడనక్కర్లేదు. బిట్ల మార్కులు ఒక చోటి నుంచి, వ్యాసం మార్కులు దిద్దినవాళ్ల దగ్గర నుంచి వేరువేరు ఫైళ్లలో వస్తాయి. వాటిలోంచి మనకు కావలసింది వెతికి, కలిపి, వరుసలో పెట్టి ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను క్వెరీ ప్రాసెసర్ అంటారు. ఇలాంటివి చాలా కంపెనీలు తయారుచేస్తాయి. కానీ ఏ కంపెనీది తెచ్చుకున్నా దానితో మాట్లాడే పద్ధతి జావాలో ఒక్కటే. ఆ పద్ధతి నేర్చుకుంటే చాలు. ప్రాసెసర్ మారినా మన ప్రోగ్రాము మార్చుకోనక్కర్లేదు. ఇంద్రసేనకు దీనిమీద ఎంత భక్తి అంటే, రెండేళ్ల కింద పాత ప్రాసెసర్ తీసేసి కొత్తది పెట్టిన రోజున ఆయనే నా టేబులు దగ్గరికి వచ్చి, "అక్కా, దాని పేరున్న ఒక్క లైన్ మార్చిన. అంతే, నడుస్తున్నది" అన్నాడు. ఆ సాయంత్రం అందరికీ సమోసాలు తెప్పించాడు.

మా ట్రస్టుకు ఒక పాత ఆనవాయితీ ఉంది. మా సెక్రటరీ దమయంతి గారు కాలేజీ ప్రిన్సిపాలుగా చేసి రిటైరైన మనిషి. దిద్దడంలో ఏ అనుమానం వచ్చినా ఆ పేపరుకు ఎర్రదారం కట్టి కట్టమీద, అన్నిటికంటే పైన పెట్టించడం ఆమె అలవాటు. కింద పడితే ఎవరూ చూడరని ఆమె నమ్మకం. కంప్యూటరు వచ్చాక ఇంద్రసేనను పిలిచి అదే చెప్పారు.

"మార్కులు పడనోళ్ల నంబర్లు లిస్టుల పైకి రావాలె. ఒకటో నంబరు కంటే పైకి. అవి కనవడితే పేపరు యాడ ఆగిందో అడుగుతం. పైన ఖాళీలు లేకుంటెనే లిస్టు బోర్డుకెక్కాలె."

ఇంద్రసేన అలాగే చేశాడు. ప్రాసెసర్‌ను ప్రశ్న అడిగే ముందు కొన్ని షరతులు పెట్టుకోవచ్చునట. ఎంతసేపు ఆగాలి, ఎలా వరుస పెట్టాలి, మార్కులు లేని నంబర్లను పైన పెట్టాలా కింద పెట్టాలా, ఇలాంటివి. ఖాళీలు పైకి రావాలని ఆయన షరతు పెట్టాడు. ఏళ్లపాటు అవి పైకే వచ్చాయి. నేను వాటిని చూసి, దిద్దేవాళ్లకు ఫోన్లు చేసి, మార్కులు తెప్పించి, అన్నీ నిండాక లిస్టు అంటించేదాన్ని. పోయిన ఏడాది పైన ఒక్క ఖాళీ కూడా రాలేదు. ఈ ఏడాదీ రాలేదు. దిద్దేవాళ్లకు బుద్ధొచ్చిందని సంతోషపడ్డాను.

ఈసారి బోనాల తర్వాత శుక్రవారం లిస్టు అంటించాం. సోమవారం పిల్లలు సామానుతో వచ్చి చేరాలి. శనివారం పొద్దున మహేశ్వరి అనే అమ్మాయి వచ్చింది. అచ్చంపేట దగ్గర పల్లె. అశోక్ నగర్‌లో ఒక గదిలో ఆరుగురితో కలిసి ఉంటోంది.

"నా నంబర్ లేదు మేడం" అంది.

"లిస్టుల లేకుంటే సీటు రానట్టే అమ్మా."

"నా మార్కులెన్నో చెప్పుండ్రి చాలు."

"మార్కులు చెప్పం. అది రూలు."

మామూలుగా ఈ మాటకు పిల్లలు వెళ్లిపోతారు. ఈ పిల్ల కదలలేదు. గొంతు పెంచలేదు, ఏడవలేదు.

"రూమ్ కిరాయి ఈ నెలాఖరు వరకే ఉంది మేడం. జరంత తక్కువైతే యాడనన్న పనిజేస్కుంట ఇంకో యేడు సదువుకుంట. మొత్తానికే తక్కువైతే మా ఊరికి పోయి మా అవ్వ చెప్పిన సంబంధం ఒప్పుకుంట. అందుకోసమే అడుగుతున్న."

నేను మళ్లీ రూలు చెప్పబోయాను. ఎదురు టేబులు నుంచి ఇంద్రసేన, "నంబర్ చెప్పమ్మా" అన్నాడు. నాకు కోపం వచ్చింది. పదకొండేళ్లలో నా పనిలో ఆయన వేలు పెట్టడం అదే మొదటిసారి.

ఆ పిల్ల నంబరు చెప్పింది. ఆయన కొట్టి చూశాడు. బిట్లలో డెబ్బై ఏడు ఉన్నాయి. వ్యాసం ఖాళీ. అందుకని మొత్తం మార్కుల చోటూ ఖాళీ. ఆయన స్క్రీను మీద మొత్తం లిస్టు తెరిచి కిందికి, కిందికి వెళ్లాడు. ఆరు వందల ముప్పై నాలుగో నంబరు దాకా ఏనాడూ, ఎవరమూ వెళ్లలేదు. అక్కడ అట్టడుగున ఏడు నంబర్లు ఉన్నాయి. ఏడింటికీ మార్కులు లేవు.

"సాయంత్రం రా అమ్మా" అని ఆయన మహేశ్వరిని పంపేశాడు. తర్వాత ప్రోగ్రాము తెరిచాడు. ఖాళీలు పైకి రావాలన్న లైను ఉన్నచోటే ఉంది. దాన్ని చాలాసేపు చూశాడు. బీరువాలోంచి స్పైరల్ పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. ఒక పేజీ దగ్గర ఆగి కళ్లజోడు తీసేశాడు. నేను లేచి వెళ్లి చూస్తే, ఆ పేజీలో ఒక వాక్యం కింద పెన్సిలు గీత ఉంది. ఆ గీత ఎప్పుడో ఆయనే గీసుకున్నది.

"ఏందది?" అన్నాను.

"షరతుల కాయితం అడిగితే ప్రాసెసర్ మనకు కాపీ ఇస్తది అక్కా. అసలుది దాని దగ్గర్నే ఉంటది. మనం కాపీ మీద దిద్ది, మళ్లా దానికి అప్పజెప్పాలె. అప్పజెప్తెనే లెక్క. నేను దిద్దిన, అప్పజెప్పలె."

"అంటే?"

"కింద షాపుల దరఖాస్తు జిరాక్స్ తీస్కొని, నింపి, జేబుల పెట్టుకొని ఇంటికి పోయినట్టు."

"మరి ఇన్నేండ్లు ఎట్ల నడిచింది?"

"పాతది ఎవ్వలు చెప్పకున్నా ఖాళీలు పైనే పెడుతుండె. దాని అలవాటది. నేను చెప్పిన దానికే పెడుతుందనుకున్న. కొత్తదాని అలవాటు వేరే. అది కిందికి పడేస్తది."

కొత్త ప్రాసెసర్ మా షరతును తప్పనలేదు, కాదనలేదు. దానికి ఎవరూ ఏమీ అప్పజెప్పలేదు కాబట్టి దాని అలవాటు ప్రకారం అది చేసింది. పైన ఖాళీలు కనిపించకపోయేసరికి అన్ని పేపర్లూ దిద్దేశారని మేం నమ్మాం. ఈ ఆనవాయితీ లేని ఏ ఆఫీసైనా అన్ని నంబర్లకూ మార్కులు పడ్డాయో లేదో లెక్క చూసుకునేది. మాకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు నేను అన్న మాట చెప్పాలంటే సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. "లిస్టు బోర్డుకెక్కె. పిల్లలు సామాన్లు సర్దుకుంటున్నరు. ఆ లైనేదో ఇప్పుడు పెట్టు, వచ్చే యేడు సక్కగైతది. ఈ పిల్లకు రాలేదని నేను చెప్త" అన్నాను. చెడ్డ ఉద్దేశంతో అనలేదు. నలభై మందికి ఫోన్లు చేసింది నేను. వాళ్లు ఫోనులో ఎలా అరిచారో, కొందరు ఎలా ఏడ్చారో విన్నది నేను. అందులో ఒకరికి మళ్లీ ఫోను చేసి రావద్దని చెప్పాల్సింది కూడా నేనే.

ఇంద్రసేన లేచాడు. స్పైరల్ పుస్తకం చంకలో పెట్టుకుని దమయంతి గారి గదికి వెళ్లాడు. తలుపు తెరిచే ఉంది.

"తప్పు నాది మేడం" అన్నాడు. నిలబడే చెప్పాడు. ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో, ఏడుగురి నంబర్లేవో అన్నీ చెప్పాడు. ఆయన అంతసేపు మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

దమయంతి గారు కళ్లు మూసుకుని విని, వ్యాసాలు దిద్దే ఉమాకాంత్ గారికి ఫోను చేయమన్నారు. ఆయన నల్లకుంట నుంచి స్కూటరు మీద అరగంటలో వచ్చాడు. చేతిలో ఏడు పేపర్లు. ఏడింటికీ ఎర్రదారం.

"వీళ్లు అడిషనల్ షీట్లు తీస్కున్నరు మేడం. అవి ఊడిపోయి కలిసిపోయినయ్. ఏది ఎవరిదో ఆఫీసుల అడిగి దిద్దుదామని పక్కకు పెట్టిన. ఖాళీ కనవడితే మీరే ఫోన్ చేస్తరు గద. రాలె. ఇంకెవరో సర్దుకున్నరేమో అనుకున్న."

తిలా పాపం తలా పిడికెడు. పక్కన పెట్టింది ఆయన, కిందికి నెట్టింది ఇంద్రసేన, చూడకుండా అంటించింది నేను. ఉమాకాంత్ గారూ నేనూ తేలు కుట్టిన దొంగల్లా గోడవారగా నిలబడ్డాం. అప్పుడు నాకు ఇంకొక సంగతి తట్టింది. అడిషనల్ షీట్లు తీసుకునేది ఎక్కువ రాసేవాళ్లే. ఇచ్చిన కాగితాలు చాలక ఇంకా కావాలని అడిగినవాళ్లనే మేం అట్టడుగుకు తోశాం.

హాల్‌టికెట్లమీది చేతిరాతతో సరిచూసి ఊడిన కాగితాలు ఎవరివో తేల్చాం. ఉమాకాంత్ గారు ఒకసారి, దమయంతి గారు ఒకసారి దిద్దారు. ఏడుగురిలో ఆరుగురు ఎటూ నలభైలోకి రాలేదు. మహేశ్వరికి వ్యాసంలో నలభై ఒకటి. మొత్తం నూట పద్దెనిమిది. ఇరవై మూడో స్థానం.

"ఇంకో మంచం వేస్తే నలభై ఒక్కరు అయితరు గద మేడం" అన్నాడు ఇంద్రసేన.

"మనిషికింత జాగ అని సర్కారోళ్లు పర్మిషనిచ్చిన్రయ్యా. ఎక్కువేస్తే ఉన్న నలభై పోతయ్. లాస్టుల ఉన్న పిలగాన్ని ఆపాలె. విజయశ్రీ ఫోన్ చేస్తది."

"నేను పోయి చెప్త మేడం."

సాయంత్రం మహేశ్వరి వచ్చింది. సీటు వచ్చిందని చెప్పాం. ఎందుకు రాలేదో, ఎందుకు వచ్చిందో కూడా ఇంద్రసేన చెప్పాడు. ఆ పిల్ల అంతా విని, మాకు దండం పెట్టలేదు, థాంక్స్ చెప్పలేదు. "నేను అడగకపోతే?" అంది.

ఆదివారం పొద్దున ఇంద్రసేన అశోక్ నగర్ బయలుదేరాడు. పిలవకపోయినా నేనూ వెంట నడిచాను. ఈ మూగమనిషి ఆ పిల్లవాడి ముందు నిలబడి నీళ్లు నమిలితే పని చెడుతుందని నా భయం. చిక్కడపల్లి కూరగాయల బండ్ల మధ్య నుంచి వెళ్లాం. దారిలో ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. చెప్పబోయేది లోపల వల్లె వేసుకుంటున్నాడని అర్థమైంది.

నలభయ్యో వాడి పేరు హర్ష. తాను కిరాయికి ఉంటున్న ప్రైవేటు హాస్టలు మెట్లమీద కూర్చుని పుస్తకాలకు తాడు కడుతున్నాడు. రేపు ఖాళీ చేస్తానని మంచం అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశాడట. నన్ను చూసి లేచి నిలబడి నవ్వాడు. హాల్‌టికెట్ ఇచ్చింది, సీటొచ్చిందని ఫోను చేసింది నేనే కదా.

ఇంద్రసేన నీళ్లు నమలలేదు. "నీ సీటు పోయింది హర్షా. నీ తప్పు లేదు. నాది" అని మొదలుపెట్టి, జిరాక్సు కాగితం సంగతితో సహా మొత్తం చెప్పాడు. హర్ష నవ్వు ఒకేసారి పోలేదు. మెల్లగా పోయింది. కట్టిన ముడిని గోటితో విప్పుతూ కూర్చున్నాడు.

"ఆ అక్కకు నాకంటే ఎన్ని ఎక్కువొచ్చినయ్ సార్?"

"తొమ్మిది."

"గట్లయితే ఆమెదే సీటు. నేనేమంట." ముడి ఊడింది. అప్పుడు తలెత్తి అడిగాడు. "పోయినేడు గూడ రాసిన సార్ నేను. అప్పుడు గూడ రాలె. అప్పుడు పాత మిషనా, కొత్తదా?"

ఇంద్రసేన ముఖం చూడలేక నేను పక్కకు తిరిగాను. శనివారమంతా మేం ఈ ఏడాది ఏడుగురి గురించే పరుగెత్తాం. కొత్త ప్రాసెసర్ వచ్చి రెండేళ్లయిందన్న సంగతి మా ఇద్దరికీ తెలుసు. తెలిసి కూడా ఒక్కరికీ తట్టలేదు. సీటు పోగొట్టుకున్న పిల్లవాడికి తట్టింది.

"కొత్తదే" అన్నాడు ఇంద్రసేన.

అక్కడి నుంచి నేరుగా ఆఫీసుకు వచ్చి తాళం తీశాం. పోయిన ఏడాది లిస్టు తెరిచి కిందికి వెళ్లాడు. హర్షకు తొంభై ఏడు మార్కులు ఉన్నాయి. అతనికి అన్యాయం జరగలేదు. ఆ సంగతి వెంటనే ఫోను చేసి చెప్పాడు. కానీ అట్టడుగున నాలుగు నంబర్లు ఖాళీగా ఉన్నాయి.

సోమవారం పిల్లలు చేరిన హడావుడి తగ్గాక ఈ మాట దమయంతి గారికి చెప్పాడు. ఆమె మంచి మనిషే, కానీ విసుక్కున్నారు.

"యేడాది దాటింది. ఆ బ్యాచ్ అయిపోయింది. ఆ నలుగురూ మనల్ని వచ్చి అడగలె. కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా?"

"అడిగేటందుకు వాళ్లకు తెల్వది కద మేడం" అన్నాడు ఇంద్రసేన. ఆ గది నుంచి కదలలేదు. తన కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే కిటికీ దగ్గర నిలబడే మనిషి, పావుగంటసేపు ఆమె టేబులు ముందు అలా నిలబడ్డాడు. చివరికి ఆమె అటక తాళంచెవి ఇచ్చారు. "అర్హత ఉన్నోళ్లకు వచ్చే యేడు పరీక్ష లేకుంట సీటిస్తమని చెప్పు. అది నా మాట" అన్నారు.

అటకమీది గోనెసంచిలో నాలుగు పేపర్లూ దొరికాయి. దారం రంగు వెలిసింది. ఉమాకాంత్ గారు ఈసారి మారుమాట లేకుండా మా ఆఫీసులోనే కూర్చుని దిద్దాడు. నలుగురిలో ఇద్దరు నలభైలోకి వచ్చేవాళ్లు. ఒకరి ఫోను పనిచేయడం లేదు. అతన్ని ఇంకా వెతుకుతున్నాం. రెండో అతని పేరు ముత్యాలు. దేవరకొండ అవతల ఏదో పల్లె. పదమూడో స్థానం వచ్చేది.

ఫోను నేను చేస్తానన్నాను. వద్దన్నాడు. స్పీకరు పెట్టి నంబరు నొక్కాడు. రింగు చాలాసేపు మోగింది. ఎత్తినప్పుడు వెనకాల ట్రాక్టరు చప్పుడు వినిపించింది. ఇంద్రసేన పేరు చెప్పి, ట్రస్టు పేరు చెప్పి, పోయిన ఏడాది పరీక్ష సంగతి ఎత్తాడు.

"యాదికుంది సార్. రాలె గద."

"నీ పేపరు దిద్దనే లేదు ముత్యాలు. తప్పు నాది. నువ్వు తీస్కున్న అడిషనల్ షీట్లు ఊడిపోయినయ్. పేపరు పక్కకు పెట్టిన్రు. నీ నంబర్ పైకి రావాల్సింది, నా ప్రోగ్రాం కిందికి పడేసింది. దిద్దుంటే నీకు సీటొస్తుండె."

అవతల ట్రాక్టరు ఆగిపోయింది.

"అయితే నేను ఫెయిల్ కాలేదా సార్?"

"కాలేదు."

"నాకు రాసుడొస్తలేదనుకున్న సార్. ఎంత రాసినా నా రాత గింతే అనుకొని ఇడిసిపెట్టిన. పుస్తకాలన్నీ మా బావమరిదికి ఇచ్చేసిన. ఇప్పుడు కిరాయికి దున్నుతున్న."

వచ్చే ఏడు పరీక్ష లేకుండా సీటిస్తామన్న దమయంతి గారి మాట ఇంద్రసేన చెప్పాడు. ముత్యాలు ఆ సంగతి వదిలేసి ఇంకొకటి అడిగాడు.

"వ్యాసంల ఎన్నొచ్చినయ్ సార్?"

"యాభైకి నలభై నాలుగు. పోయినేడు రాసినోళ్లందర్ల నీదే ఎక్కువ."

ముత్యాలు ఫోనుకు దూరంగా ఎవరినో పిలిచాడు. "అవ్వా, ఇటు రా. పని ఆపి రా." వాళ్లమ్మ గొంతు ఏందిరా అంటూ దగ్గరైంది. తర్వాత ముత్యాలు మళ్లీ ఫోనులోకి వచ్చాడు.

"సార్, ఇంకోపారి చెప్పుండ్రి. మొత్తం చెప్పుండ్రి. మా అవ్వ ఇంటది."

ఇంద్రసేన ఫోనును రెండు చేతులతో పట్టుకుని, మెట్లమీద పోయేవాళ్లకు కూడా వినపడేంత గట్టిగా, మొదటి నుంచి మళ్లీ చెప్పాడు.